అంటని ప్లాస్టిక్‌ను ఇనుముకు పట్టించడం ఎలా?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇమ్మని సంపాదకవర్గంలోని అన్నలు అడిగినప్పుడు, మేము నలుగురం కలిసి ఒకే వ్యాసం ఇస్తామని చెప్పాం. మాలో ఇద్దరం ఐ.టి.ఐ.లో ఫిట్టర్ ట్రేడు, ఇద్దరం పాలిటెక్నిక్‌లో మెకానికల్. అందరిదీ ఒకే గది. సమయపాలన గురించి, క్రమశిక్షణ గురించి మన సంచికలో ప్రతి ఏడూ మంచి వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. మేము చేతులతో చేసిన ఒక పని గురించి రాస్తున్నాం. అందులో మా తప్పు కూడా ఉంది. దాన్ని దాచిపెడితే ఇక ఈ వ్యాసంలో మిగిలేది ఏమీ ఉండదు.

నిరుడు వేసవి సెలవుల్లో మేము ఒక వెల్డింగ్ షెడ్డులో రోజుకూలికి పనిచేశాం. ఆ షెడ్డుకు ఒక రైస్ మిల్లు నుంచి పని వచ్చింది. మిల్లులో తవుడు పడడానికి హాపర్ ఉంటుంది. హాపర్ అంటే గరాటు ఆకారంలో ఉండే పెద్ద ఇనుప తొట్టి. పైనుంచి తవుడు పడుతుంది, కింది మూతి నుంచి బస్తాల్లోకి దిగుతుంది. పొడి తవుడైతే ఇబ్బంది లేదు. ఉప్పుడు బియ్యం ఆడించినప్పుడు వచ్చే తవుడులో నూనె ఎక్కువ, దానికి చెమ్మ కూడా తోడైతే ఇనుప గోడకు పట్టుకుంటుంది. పట్టుకున్నదాని మీద మరికొంత పేరుకుని, చివరికి మూతి పైన గూడులా వంపు కడుతుంది. కింద అంతా ఖాళీ, పైన నిండా తవుడు. అప్పుడు ఎవరో ఒకరు గడ్డపార పట్టుకుని లోపలికి దిగి పొడవాలి. గూడు విరిగిందంటే దాని మీద నిలబడ్డ మనిషి కూడా తవుడుతో పాటు కిందికి పోతాడు. ధాన్యం, పిండి నిల్వ చేసే తొట్లలో ఎన్నో దేశాల్లో మనుషులు ఇలాగే ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఊబిలో దిగినట్టే అది. నడుము దాటి మునిగితే సొంత బలంతో బయటికి రావడం దాదాపు అసాధ్యం.

మిల్లు యజమాని ఎక్కడో చూసి వచ్చి, గోడలకు లోపలివైపు జారే ప్లాస్టిక్ షీటు వేయమన్నారు. తెల్లగా, కొవ్వొత్తిలా నున్నగా ఉండే షీటు. పాలిథిన్ జాతిదే గానీ చాలా గట్టిది. మామూలు పాలిథిన్‌లో అణుభారం వేలల్లో, లక్షల్లో ఉంటే దీనిలో 30 లక్షలు, అంతకన్నా ఎక్కువ కూడా ఉంటుంది. అంటే ఒక్కొక్క అణువు అంత పొడవాటి దారం అన్నమాట. అరుగుదల బాగా తక్కువ. దాని మీద తవుడు నిలవదు. తవుడు నిలవకపోతే మనిషి దిగాల్సిన పని ఉండదు.

మేము గోడను గ్రైండింగ్ చేసి తళతళలాడించాం. రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ బంక కలిపి, షీటు వెనుక మందంగా పూసి, బల్లలు ఆనించి రాత్రంతా ఒత్తి ఉంచాం. తెల్లారి చూస్తే రాయిలా ఉంది. మేస్త్రి వేలితో తట్టి శభాష్ అన్నాడు. నాలుగో రోజు షీటు ఒక్క ముక్కగా ఊడి జారి, మూతికి అడ్డం పడింది. తవుడు ఆగిపోయింది. ఇదివరకు గోడకు పట్టిన తవుడును తీయడానికి దిగేవాళ్ళు, ఇప్పుడు మేము పెట్టిన షీటును తీయడానికి దిగాల్సి వచ్చింది.

దిగిన మనిషి మా నలుగురిలో ఒకని నాన్న. ఆయన ఆ మిల్లులోనే హమాలీ. పేరు రాయవద్దని మావాడు అన్నాడు కాబట్టి రాయడం లేదు. షీటు కదలగానే తవుడు దిగి ఆయన ఛాతీ దాకా వచ్చింది. పైన ఉన్నవాళ్ళు తువ్వాళ్ళు ముడేసి విసిరి, చంకల కింద నుంచి లాగారు. బతికి బయటపడ్డారు. సాయంత్రం ఇంటికి వచ్చి కొడుకుతో, "మీరేనట్రా అంటించింది?" అని మాత్రం అడిగారట. తిట్టి ఉంటే బాగుండేది అని మావాడు ఇప్పటికీ అంటాడు.

ఊడిన షీటు చెప్పిన మాట

మర్నాడు మా ఐ.టి.ఐ. ఇన్‌స్ట్రక్టర్ సారు దగ్గరికి వెళ్ళి, బంక నాసిరకం అయ్యుంటుంది సార్ అన్నాం. ఆయన బంక సంగతి అడగలేదు. "బంక ఎటువైపు ఉంది?" అని అడిగారు. మేము చూడలేదు. తిరిగి వెళ్ళి చూస్తే బంక మొత్తం ఇనుము మీదే ఉంది. షీటు వెనుక వైపు అద్దంలా శుభ్రంగా ఉంది, ఒక్క మరక లేదు.

ఇది అందరూ గుర్తుంచుకోవలసిన విషయం. అతుకు ఊడినప్పుడు ముందుగా రెండు ముఖాలూ చూడాలి. రెండువైపులా బంక చిరిగి ఉంటే బంకకే బలం చాల్లేదని అర్థం. బంక వెనుక తుప్పు పొర అంటుకుని వస్తే ఇనుమును సరిగా శుభ్రం చేయలేదని అర్థం. బంక మొత్తం ఒకవైపే ఉండి రెండోవైపు శుభ్రంగా ఉంటే, ఆ రెండోవైపు అది అసలు అంటుకోనే లేదని అర్థం. మా బంక మంచిదే. ఇనుమును చక్కగా పట్టుకుంది. ప్లాస్టిక్‌ను మాత్రం పట్టుకోలేదు, ఊరికే ఆనుకుని ఉంది. రాత్రంతా బల్లలతో ఒత్తడం వల్ల మధ్యలో గాలి లేక అదిమినట్టు నిలిచింది, అంతే.

ఎందుకు పట్టుకోలేదు? మన భౌతికశాస్త్రం పుస్తకంలో తలతన్యత పాఠం ఉంది కదా, పరీక్ష అయ్యాక మనం మరిచిపోయే పాఠం. ఒకే పదార్థంలోని అణువుల మధ్య ఉండేది సంసంజన బలం. రెండు వేర్వేరు పదార్థాల అణువుల మధ్య ఉండేది ఆసంజన బలం. బంక ముందు ద్రవంగా ఉంటుంది. అది ఘనపదార్థం మీద పరుచుకుని, దాని ప్రతి సందులోకి వెళ్ళి, ఆ తర్వాత గట్టిపడాలి. పరుచుకోవాలంటే ఘనపదార్థం ఉపరితలం ఆ ద్రవాన్ని తనవైపు లాక్కోవాలి. ఆ లాగే గుణాన్నే ఉపరితల శక్తి అంటారు.

ఇక్కడ కొన్ని అంకెలు చూడండి. అన్నీ మీటరుకు మిల్లీన్యూటన్లలో. నీటి తలతన్యత సుమారు 73. ఎపాక్సీ బంకది 45 దరిదాపు. శుభ్రమైన లోహాల ఉపరితల శక్తి కొన్ని వందలు. అందుకే ఇనుము మీద బంక నెయ్యిలా పరుచుకుంటుంది. పాలిథిన్‌ది దాదాపు 31, పాలీప్రొపిలీన్‌ది 30, టెఫ్లాన్‌ది 18 నుంచి 20. ఈ ప్లాస్టిక్‌ల మీద బంక వేస్తే అది పరుచుకోవడానికి బదులు తనలోకి తానే ముడుచుకుంటుంది. తామరాకు మీద నీటిబొట్టు అనుకోండి. తామరాకుకు మైనంతో పాటు కంటికి కనబడని గరుకుదనం కూడా ఉంది కాబట్టి దాని కథ కొంత వేరు. అయినా మనసులో బొమ్మ కట్టుకోవడానికి అది చాలు.

అణువుల లెక్కలో చెప్పాలంటే, ఇనుము ఉపరితలం మీద ఎప్పుడూ సన్నని ఆక్సైడు పొర ఉంటుంది. దాని మీద ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు ఉంటాయి. బంకకు అవి పిడుల్లాంటివి, పట్టుకుంటుంది. పాలిథిన్‌లో ఉన్నది కార్బన్, హైడ్రోజన్ మాత్రమే. పొడవాటి దారం, ఎక్కడా ఒక్క పిడి కూడా లేదు. టెఫ్లాన్‌లో అయితే కార్బన్ గొలుసు చుట్టూ ఫ్లోరిన్ పరమాణువులు కవచంలా కప్పి ఉంటాయి. అవి ఎవరినీ దగ్గరికి రానివ్వవు.

ఇక్కడే మాకు ఒక సంగతి తెలిసింది. తవుడు అంటకూడదనే కదా ఈ షీటు కొన్నది? తవుడును అంటనివ్వని గుణమే బంకనూ అంటనివ్వదు. ఒకవైపు జారాలి, రెండోవైపు అంటాలి అంటే షీటుకు ముందువైపు ఏదో, వెనుకవైపు ఏదో ఎలా తెలుస్తుంది? మేము ఆ ప్రశ్న వేసుకోకుండానే బంక కలిపేశాం.

పాత కథ: అంటనిది పెనానికి ఎలా అంటింది?

పాలిథిన్‌ను 1933 మార్చిలో ఇంగ్లండులో ఐ.సి.ఐ. కంపెనీ ప్రయోగశాలలో ఫాసెట్, గిబ్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అనుకోకుండా కనుగొన్నారు. టెఫ్లాన్ కూడా అలాగే పుట్టింది. 1938 ఏప్రిల్ 6న అమెరికాలోని డ్యూపాంట్ ప్రయోగశాలలో రాయ్ ప్లంకెట్ ఫ్రిజ్‌లలో వాడే వాయువుల మీద పనిచేస్తున్నాడు. నిండుగా ఉండవలసిన ఒక సిలిండరు నుంచి వాయువు రాలేదు. తూచి చూస్తే బరువు మాత్రం ఉంది. కోసి చూస్తే లోపల తెల్లని మైనంలాంటి పొడి. ఆమ్లాలు దాన్ని ఏమీ చేయలేకపోయాయి. ఏదీ దానికి అంటలేదు.

మరి నాన్‌స్టిక్ పెనానికి అదే టెఫ్లాన్ ఎలా పట్టుకుని ఉంది? 1954లో ఫ్రాన్సులో మార్క్ గ్రెగోయర్ అనే ఇంజనీరు దీనికి దారి కనిపెట్టాడు. అతను బంక వెతకలేదు. అల్యూమినియంను ఆమ్లంతో తినిపించి, దాని ఉపరితలంలో కంటికి కనబడని గుంటలు, సొరంగాలు చేశాడు. వాటిలోకి టెఫ్లాన్ పొడిని నింపి బాగా వేడిచేశాడు. టెఫ్లాన్ 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. మెత్తబడి ఆ గుంటల్లోకి వేళ్ళలా దిగి, చల్లారాక ఊడిరాకుండా ఇరుక్కుంది. రాతిగోడ సందులో మొలిచిన రావిమొక్కను పీకి చూడండి, అర్థమవుతుంది. ఆ పెనాలే 1956లో టెఫాల్ పేరుతో బజారుకు వచ్చాయి. తర్వాతి కాలంలో లోహాన్ని ఇసుకతో కొట్టి గరుకు చేసి, మధ్యలో ప్రైమర్ పొర వేసి, పైన టెఫ్లాన్ వేసే పద్ధతులు వచ్చాయి. పెనాన్ని ఖాళీగా పొయ్యి మీద ఎర్రగా కాల్చడం మాత్రం మంచిది కాదు. 350 డిగ్రీలు దాటాక టెఫ్లాన్ విడిపోయి హానికరమైన పొగలు వస్తాయి.

ఇంకో ఉదాహరణ మా అందరికీ బాగా నచ్చింది. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే ఎముకల డాక్టరు తుంటి కీలు మార్పిడి చేసేవారు. స్టీలు గుండు తిరగడానికి జారే గిన్నె కావాలి. మొదట టెఫ్లాన్ గిన్నెలు పెట్టారు. అవి కొద్ది ఏళ్ళలోనే అరిగిపోయి రోగులు బాధపడ్డారు. 1962 నవంబరు నుంచి ఆయన మేము పైన చెప్పిన గట్టి పాలిథిన్‌తో గిన్నెలు పెట్టడం మొదలుపెట్టారు. నిలిచాయి. ఆ గిన్నెను ఎముకలో నిలపడానికి సిమెంటు లాంటి ఒక ఆక్రిలిక్ పదార్థం వాడారు. అది బంక కాదని చార్న్‌లీ స్పష్టంగా చెప్పేవారు. గిన్నె వెనుక గాళ్ళు ఉంటాయి, ఎముకలో సందులు ఉంటాయి. సిమెంటు ఆ రెండింటిలోకీ దూరి గట్టిపడి, కదలకుండా ఇరికించి ఉంచుతుంది. మనిషి శరీరంలో, మనిషి బరువు మోసేచోట కూడా నమ్ముకున్నది అతుకును కాదు, ఇరుకునే.

పెద్ద వంతెనల కింద దూలాలు ఎండకు సాగి, చలికి ముడుచుకోవడానికి టెఫ్లాన్ పలకలు పెడతారు. అక్కడ స్టీలు పళ్ళెంలో గాడి చేసి, టెఫ్లాన్ పలక మందంలో సుమారు సగం ఆ గాడిలోకి దించుతారు. గాడి గోడలు పక్కలకు జరగనివ్వవు. కార్లలో, మోటారుసైకిళ్ళలో వాడే కొన్ని నూనె అక్కర్లేని బుష్‌లలో స్టీలు మీద సన్నని కంచు పూసలను కాల్చి అతికించి, ఆ పూసల సందుల్లోకి టెఫ్లాన్‌ను రోలరుతో ఒత్తుతారు.

అలాగని అంటించడం అసలు సాధ్యం కాదని అనుకోవద్దు. తమ్ముళ్ళు కాస్మెటిక్ చార్జీలతో కొనుక్కునే పేస్టు ట్యూబును అయిపోయాక కత్తిరించి చూడండి. చాలావాటిలో మధ్యలో సన్నని అల్యూమినియం రేకు, దానికి రెండువైపులా పాలిథిన్ ఉంటాయి. కొన్నింటిలో రేకు ఉండదు. రేకు ఉన్నవాటిలో గోటితో గీకినా పొరలు విడిపోవు. రేకుకూ పాలిథిన్‌కూ మధ్య ఇంకో సన్నని ప్లాస్టిక్ పొర ఉండడమే కారణం. అది పాలిథిన్‌కు అక్కడక్కడ ఆమ్ల గుణం ఉన్న పిడులు తగిలించి తయారుచేసినది. దాని దారం పాలిథిన్‌తో కలిసిపోతుంది, పిడి లోహాన్ని పట్టుకుంటుంది. అటు వాళ్ళకూ చుట్టం, ఇటు వాళ్ళకూ చుట్టం. పెళ్ళిళ్ళ పేరయ్య లాంటి పొర. భూమిలో పాతే గ్యాసు, చమురు గొట్టాలకు కూడా ఇదే పద్ధతి: స్టీలు మీద ముందు ఎపాక్సీ, దాని మీద ఈ మధ్యవర్తి పొర, పైన పాలిథిన్. కానీ ఇవన్నీ ఫ్యాక్టరీలో వేడి మీద ఒత్తి చేసేవి. షెడ్డులో బ్రష్షుతో చేసేవి కావు.

హాస్టల్ వెనుక మేము చేసిన పరీక్షలు

సెలవులు అయ్యాక వార్డెన్ గారి అనుమతితో వంటశాల వెనుక కొన్ని పరీక్షలు చేశాం. పగిలిన నీలం రంగు నీళ్ళ డ్రమ్మును అడ్డగా, అంగుళం వెడల్పు పట్టీలుగా కోశాం. అది కూడా పాలిథినే. ఒక్కొక్క పట్టీ కొనను అరంగుళం మేర ఇనుప పట్టీకి అంటించి, ఒకరోజు ఆరనిచ్చి, వేలాడదీసి కింద బకెట్టు కట్టి, చెంబుతో నీళ్ళు పోస్తూ వచ్చాం. ఎన్ని చెంబులకు ఊడితే అంత బలం.

ఏమీ చేయకుండా అంటించినవి బకెట్టు నిండకముందే ఊడాయి. గోరు దూర్చి అంచు లేపితే అసలు బకెట్టే అక్కర్లేదు, పాలమీగడలా వచ్చేశాయి. ఇక్కడ ఒక సూత్రం ఉంది. నేరుగా లాగితే బరువు అతుకు మొత్తం మీద పడుతుంది. అంచు లేపి ఒలిస్తే బరువంతా ఒక్క గీత మీద పడుతుంది. అరటిపండు తొక్క ఎలా తీస్తామో అలా. హాపర్‌లో పైనుంచి పడే తవుడు షీటు పై అంచును కొట్టికొట్టి చేసింది ఇదే.

గరుకు కాగితంతో రుద్ది అంటించినవి కొంచెం నయం. అంతకుమించి చెప్పుకోవడానికి లేదు. మేము అన్నిటికన్నా ఎక్కువ ఆశ పెట్టుకున్నది దీనిమీదే కాబట్టి అందరం కాస్త నీరసపడ్డాం.

ఆ తర్వాత మేస్త్రి దగ్గర బ్లోల్యాంపు తెచ్చి, ఆయన పక్కన ఉండగానే, నీలిమంట కొనను పట్టీ మీదుగా వేగంగా ఒక్కసారి పోనిచ్చాం. ప్లాస్టిక్ కరగకూడదు, మెరుపు కూడా మారకూడదు. ఆ కొద్ది క్షణాల్లో గాలిలోని ఆక్సిజన్ పాలిథిన్ ఉపరితలానికి అక్కడక్కడ తగులుకుంటుంది. అంటే పిడులు మొలుస్తాయి. సరిగా అయిందో లేదో నీటితో తెలుస్తుంది. మంట చూపని చోట నీళ్ళు బొట్లుబొట్లుగా ముడుచుకున్నాయి. చూపిన చోట పలచటి పొరగా పరుచుకున్నాయి. చెట్టు కింద నిలబడి చూస్తున్న ఏడో తరగతి తమ్ముడు ఒకడు "అన్నా, అది తడిసింది!" అని అరిచాడు. ప్లాస్టిక్ తడవడం ఏమిటని అందరూ నవ్వారు గానీ వాడు చెప్పిందే సరైన మాట. తడిసిందే అంటుతుంది. నీళ్ళు తుడిచి ఆరబెట్టి వెంటనే బంకతో అంటించిన పట్టీ నిండు బకెట్టునూ, దానిలో వేసిన నాలుగు ఇటుకలనూ మోసింది.

అదే పని చేసి వారంరోజులు గూట్లో పడేసి, చేతులతో తడిమిన పట్టీ మాత్రం మళ్ళీ మొదటికి వచ్చింది. మంటతో వచ్చిన గుణం నిలవ ఉండదు. అణువులు నెమ్మదిగా తిరగబడతాయి, చేతి జిడ్డు పడుతుంది. మంట, బంక ఒకే పూటలో అయిపోవాలి.

పాలిథిన్ సంచుల మీద అక్షరాలు అచ్చువేసే ముందు విద్యుత్తు మెరుపులతో చేసేది కూడా ఈ పనే. ముందు ప్రైమర్ తుడిచి ఆ తర్వాత అంటించే క్షణబంకలు, పాలిథిన్‌కే ప్రత్యేకించిన ఆక్రిలిక్ బంకలు కూడా బజారులో ఉన్నాయి. చిన్న ముక్కలకు అవి బాగా పనికొస్తాయి. టెఫ్లాన్‌కు మంట పనిచేయదు. దాన్ని సోడియం కలిపిన ద్రావణంలో ముంచితే ఉపరితలంలోని ఫ్లోరిన్ ఊడిపోయి గోధుమరంగు పొర వస్తుంది. ఆ పొరకు బంక అంటుతుంది. ఆ ద్రావణం ప్రమాదకరం, మనలాంటివాళ్ళం ముట్టుకోకూడదు. ఒకవైపు గోధుమరంగు చేసిన షీట్లు తయారుగానే దొరుకుతాయి. గోధుమరంగు వైపు ఎండ తగలకుండా దాచి, ఆ వైపే బంక పూయాలి. తెలియక తెల్లవైపు పూసేవాళ్ళు ఉంటారట. మాకు ఆశ్చర్యం అనిపించలేదు.

మళ్ళీ హాపర్ దగ్గరికి

బకెట్టు, ఇటుకలు చూసి మేము ఉత్సాహంగా, మంట చూపి మళ్ళీ అంటిస్తాం సార్ అన్నాం. సారు మాతో ఒక లెక్క చేయించారు. ఒక డిగ్రీ వేడెక్కితే మీటరు పొడవుకు ఇనుము 0.012 మి.మీ. సాగుతుంది. ఈ ప్లాస్టిక్ సుమారు 0.15 మి.మీ. సాగుతుంది. షీటు పొడవు 2 మీటర్లు. చలికాలం తెల్లవారుజాముకూ, వేసవిలో రేకుల షెడ్డు మధ్యాహ్నానికీ తేడా 30 డిగ్రీలు అనుకుందాం. ఇనుము సాగేది 0.7 మి.మీ. ప్లాస్టిక్ సాగేది 9 మి.మీ. అంటే ఏటా ఆ రెండూ ఒకదానిమీద ఒకటి 8 మి.మీ. పైగా అటూ ఇటూ జరగాలని చూస్తాయి. మధ్యలో గట్టి బంక ఉంటే బంకైనా ఊడాలి, షీటైనా ఉబ్బాలి. అరంగుళం పట్టీకి ఈ బాధ లేదు. పెద్ద షీటుకు ఉంది. మా పరీక్ష అబద్ధం కాదు గానీ అది హాపర్‌కు జవాబు కాదు.

కాబట్టి బోల్టులే. అయితే బోల్టు బిగిస్తే మాత్రం షీటు ఎలా సాగుతుంది? పై వరుసలో మధ్య రంధ్రం ఒక్కటే సరిపోయేంత గుండ్రంగా చేశాం. షీటు దానికి వేలాడుతుంది. మిగతా రంధ్రాలన్నీ సాగే దిక్కుకు పొడవుగా చేశాం. కింది చివర ఖాళీ వదిలాం. ప్రతి రంధ్రం చుట్టూ బోల్టు తల మునిగేంత గాడి చేశాం, లేకపోతే తవుడు పట్టుకోవడానికి మేమే మెట్లు కట్టినట్టు అవుతుంది. తల కింద చదరపు మెడ ఉన్న బోల్టులు తెచ్చాం. మెడ పొడవాటి రంధ్రంలో ఇరుక్కుని లోపల తిరగదు. నట్టు బయట ఉంటుంది. రేపు వదులైనా బయట నిలబడే బిగించుకోవచ్చు, లోపలికి దిగనక్కర్లేదు. ఇది మావాడి ఆలోచన. వాడు ఆ ఒక్క విషయం మీదే రెండు రోజులు కూర్చున్నాడు.

షీట్లు కలిసేచోట అంచులను ఏటవాలుగా కోసి, పైది కిందిదాని మీదికి వచ్చేలా పెట్టాం, ఇంటి పెంకుల వరసలా. అన్నిటికన్నా పై అంచును స్టీలు పట్టీతో మూసి బోల్టులు వేశాం. మొదటిసారి ఒలిచినట్టు ఊడడం మొదలైంది అక్కడి నుంచే కదా.

ఇంకో ముఖ్యమైన సంగతి. ప్లాస్టిక్ మీద పొడి జారుతూ ఉంటే స్థిర విద్యుత్తు పుడుతుంది. పిండి, తవుడు ధూళి గాలిలో నిండితే చిన్న నిప్పురవ్వ చాలు, పేలుతుంది. అందుకని సారు చెప్పగా మిల్లు యజమాని రెండోసారి తెల్లషీటు కాకుండా స్థిర విద్యుత్తు నిలవని నల్లషీటు తెప్పించారు. బోల్టుల ద్వారా అది ఇనుపగోడకు, గోడ నుంచి ఎర్తింగుకు కలిసేలా చూశాం. షీటు వేసిన తొట్టికి తర్వాత ఎవరూ వెల్డింగ్ చేయకూడదని గోడ బయట రంగుతో రాశాం.

పనిచేసిన రెండు రోజులూ తొట్టి ఖాళీగా ఉంది. మోటారు ఫ్యూజులు పీకి మేస్త్రి జేబులో వేసుకున్నాడు. లోపలికి దిగిన ప్రతివాడి నడుముకూ తాడు, పైన తాడు పట్టుకుని ఒక మనిషి. ఆ తాడు రెండురోజులూ పట్టుకున్నది మావాడి నాన్నే. మేము ఎవరమూ అడగలేదు, ఆయనే వచ్చి పట్టుకున్నారు.

ఆ తర్వాత వానాకాలం పంట, యాసంగి పంట రెండూ ఆడాయి. షీట్లు కదలలేదు. తవుడు గూడు కట్టడం పూర్తిగా పోలేదు. బాగా తడిగా ఉన్న రోజుల్లో మూతి దగ్గర కొంచెం ఆగుతుంది. బయట నుంచి కర్రసుత్తితో రెండు దెబ్బలు వేస్తే దిగిపోతుంది. లోపలికి ఎవరూ దిగలేదు. మొదటి నెలలో నట్లు రెండుసార్లు వదులయ్యాయి. ప్లాస్టిక్ ఒత్తిడికి నెమ్మదిగా అణిగిపోతుందని, అందుకని మొదట్లో తరచుగా చూసుకోవాలని అప్పుడు తెలిసింది. ఇప్పుడు నెలకో ఆదివారం మాలో ఇద్దరం స్పానర్ తీసుకుని వెళ్ళి చుట్టూ చూసి వస్తాం.

ఊడిపోయిన ఆ తెల్లషీటు ముక్క ఒకటి మా గది కిటికీలో ఉంది. దాన్ని ఇనుప చువ్వకు ఏదో ఒక బంకతో అంటించి చూపిస్తామని గదికి వచ్చినవాళ్ళందరూ పందెం కడుతున్నారు. ఎవరైనా రావచ్చు. బంక మాత్రం మీరే తెచ్చుకోవాలి.